ఎండిన రంగుకు చుక్క నీరు

లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ 1781లో విలియం రీవ్స్, థామస్ రీవ్స్ అనే అన్నదమ్ములకు వెండి ప్యాలెట్ బహూకరించింది. వాళ్లు సాధించిందల్లా రంగును చక్కగా ఎండబెట్టడం. అంతకుముందు నీటిరంగులతో బొమ్మ వేయాలంటే రాతిపలక మీద రంగుపొడిని బంకనీళ్లతో నూరుకోవడం దగ్గర పని మొదలయ్యేది. బజారులో దొరికే రంగుగడ్డలు గట్టివి. వాటినీ మళ్లీ అరగదీయాల్సిందే. రీవ్స్ సోదరుల బిళ్ల మీద తడికుంచె రాస్తే చాలు, రంగు లేచి వచ్చేది. బంకలో తేనె కలపడమే వాళ్ల కిటుకని చెబుతారు. ఆ బిళ్లలు చిన్న చెక్కపెట్టెలో ఇమిడాయి. పెట్టె చంకన పెట్టుకుని ఎక్కడికైనా వెళ్లి బొమ్మ వేయడం తేలికైంది. పిల్లల చేతికి రంగులపెట్టె వచ్చిందీ ఆ దారిలోనే.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. జూన్‌లో బడులు తెరిచే వేళకు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బా బయటపడుతుంది. బీటలు వారిన రంగుబిళ్లలు, గీత పడని స్కెచ్ పెన్నులు, రాయిలా బిగుసుకున్న ఆటమట్టి, సగానికి విరిగిన క్రేయాన్లు అందులో ఉంటాయి. ‘ఎండిపోయాయి’ అన్న ఒక్క మాటతో అవన్నీ చెత్తబుట్టలోకి పోతాయి, కొత్త పెట్టె ఇంటికొస్తుంది. ఆ డబ్బాలో చాలా వస్తువులకు ఎండిపోవడం పుట్టుకతో వచ్చిన గుణం. మళ్లీ తడిస్తే లేచేలాగే వాటిని తయారు చేశారు. ఏది లేస్తుంది, ఏది లేవదు అన్నది తెలియాలంటే రంగులో కలిపిన జిగురు ఏదో తెలియాలి. పిల్లలకు ఇరవై నాలుగు రంగుల పెట్టె కొనిపెట్టడం కంటే ఆ సంగతి చెప్పడమే పెద్ద కానుక అని నా నమ్మకం.

నీటిరంగుల్లో ఉండేది తుమ్మజాతి చెట్ల బంక. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణంగా ఉన్న మెట్టనేలల నుంచి, ముఖ్యంగా సూడాన్ నుంచి, ఇది ప్రపంచమంతటికీ వెళుతుంది. బెరడుకు గాటు పెడితే కారి గడ్డకట్టే ఈ బంక చక్కెరల గొలుసులతో అల్లుకున్న పదార్థం. నీళ్లలో కరుగుతుంది, నీరు ఆరితే గట్టిపడుతుంది. ఆరేటప్పుడు దాని లోపల కొత్త బంధమేదీ ఏర్పడదు, నీరు పోతుంది, అంతే. అందుకే ఏళ్లనాటి రంగుబిళ్ల కూడా నీటిచుక్క పడితే తిరిగి రంగునిస్తుంది. బిళ్ల ముక్కలై పొడిగా రాలుతుంటే ఆ పొడిని పారేయకండి. చిన్న మూతలోకి తీసి, నాలుగైదు చుక్కల గోరువెచ్చని నీళ్లు, మందుల షాపులో దొరికే గ్లిజరిన్ ఒక్క చుక్క వేసి, అగ్గిపుల్లతో ముద్దలా కలిపి, నీడపట్టున ఆరనివ్వండి. మళ్లీ బిళ్ల తయారవుతుంది. గ్లిజరిన్ లేకపోతే తేనె ఒక చుక్క వేసినా చాలు. మితిమీరితే మాత్రం బిళ్ల ఎప్పటికీ ఆరక చేతికి అంటుకుంటూనే ఉంటుంది.

మన దేశంలో సూక్ష్మచిత్రాలు వేసినవారు రంగులను ఆల్చిప్పల్లో ఉంచుకునేవారు. చిప్పలో రంగు ఎండిపోతే మరునాడు బంకనీళ్లు చిలకరించి వేలితో మెదిపేవారు. తెలంగాణలోని చేర్యాలలో పటం బొమ్మలు వేసే నకాషీల పనీ ఇలాంటిదే. ముతక బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంకనీళ్లు పట్టించి బిగువుగా చేస్తారు. దాని మీద కులపురాణాలు వరుసగా బొమ్మలై సాగుతాయి. రాళ్లను, మట్టిని, మసిని నూరి బంక కలిపిన రంగులను కొబ్బరిచిప్పల్లో పెట్టుకోవడం వాళ్ల అలవాటు. మిగిలిన రంగు చిప్ప అడుగున ఎండిపోతే మళ్లీ నీళ్లు పోసుకుంటారు. రంగు దొరకడం అంత తేలిక కాని రోజుల్లో ఎండిన రంగును పారబోసే మనిషి ఉండడు.

సిరా కథా అంతే. చైనాలో దీపపు మసిని జంతువుల చర్మం నుంచి తీసిన జిగురుతో కలిపి కడ్డీలుగా పోతపోసి ఆరబెట్టేవారు. రాసేటప్పుడు రాతి మీద నీళ్లు వేసి కావలసినంతే అరగదీసుకునేవారు. మన బడుల్లో ఒక తరం సిరాబిళ్లలతో చదువుకుంది. బిళ్ల నీళ్లలో వేసి, కరిగాక సిరాబుడ్డిలో పోసుకుని, అందులో కలం ముంచి రాసేవారు. ముంబయిలో దిగంబర్ పరశురామ్ దండేకర్ 1931లో గుర్రం బొమ్మ గుర్తుతో సిరాపొడి, సిరాబిళ్లలు అమ్మడంతో మొదలైన సంస్థే తరవాత కామ్లిన్ అయింది. ఈనాడు మన పిల్లల సంచుల్లో కనిపించే ఒంటెబొమ్మ రంగులపెట్టెకు ఆ పొడిసిరాయే మూలం.

మరి ఎండిన రంగు అంటే పాడైన రంగు అన్న తలపు ఎక్కడి నుంచి వచ్చింది? 1832లో లండన్‌లో వ్యాపారం మొదలుపెట్టిన విలియం విన్సర్, హెన్రీ న్యూటన్ మరి కొన్నేళ్లకే నీటిరంగుల్లో గ్లిజరిన్ కలిపారు. గాలిలోని తేమను పట్టి ఉంచే గ్లిజరిన్ వల్ల బిళ్ల మెత్తగా ఉండిపోయింది. తైలవర్ణాలను అప్పటిదాకా పంది మూత్రకోశంతో చేసిన తిత్తుల్లో కట్టి ఉంచేవారు. సూదితో పొడిచి పిండుకున్నాక ఆ రంధ్రాన్ని సరిగా మూయడం కుదిరేది కాదు. లండన్‌లో ఉంటున్న అమెరికా చిత్రకారుడు జాన్ గోఫ్ రాండ్ 1841లో తగరపు గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. మూత బిగిస్తే లోపలి రంగు ఆరదు. వీళ్లందరూ చిత్రకారుడి కష్టం తీర్చినవారే, తప్పు పట్టడానికి లేదు. అయితే తడిగా ఉండటమే రంగుకు సహజమన్న అలవాటు మనకు పడింది ఆ గొట్టాల దగ్గర నుంచే.

ఇరవయ్యో శతాబ్దంలో అక్రిలిక్ వచ్చింది. నీళ్లతో కలిసే అక్రిలిక్ రంగులు 1950ల నడుమ అమెరికా బజారులోకి దిగాయి. వీటిలో బంక ఉండదు. నీళ్లలో తేలే సన్నని ప్లాస్టిక్ రేణువులు ఉంటాయి. నీరు ఆరుతున్న కొద్దీ ఆ రేణువులు దగ్గరకు జరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొరకడతాయి. ఆ పొరను ఏ నీరూ విడదీయలేదు. తైలవర్ణాలదీ వేరే దారి కాదు. అవిసెనూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, వెనక్కి రాదు. కాబట్టి సీసా మీద అక్రిలిక్ అని ఉండి, లోపల రంగు రబ్బరులా సాగుతుంటే ప్రయత్నం మానేయండి. పోస్టర్ కలర్ అని ఉంటే ఆశ ఉంది. వాటిలో చాలావరకు బంకో, పిండిపదార్థం నుంచి తీసిన జిగురో ఉంటుంది. గడ్డను పుల్లతో చిదిపి, గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోసి, మూతపెట్టి ఒకటి రెండు రోజులు ఉంచి కలపండి. కొత్తదాని నునుపు రాకపోవచ్చు, అట్టముక్కల మీదా కుండల మీదా వేయడానికి బాగానే పనికొస్తుంది. కుళ్లువాసన వచ్చినా, బూజు కనిపించినా మాత్రం పారేయాలి. ఆ విషయంలో పొదుపు వద్దు.

ఆటమట్టి చరిత్ర అంతా ఎండిపోవడంతో జరిగిన పోరే. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో విలియం హార్బట్ అనే చిత్రకళ ఉపాధ్యాయుడు విద్యార్థులకు శిల్పం నేర్పేవాడు. బంకమట్టి పని మధ్యలోనే ఎండి బీటలు వారుతుంటే విసిగి, 1897లో ప్లాస్టిసీన్ తయారుచేశాడు. నీటికి బదులు జిడ్డు పదార్థాలు కలపడంతో అది ఆరదు. ఇలాంటి నూనె మట్టి మీ ఇంట్లో గట్టిపడి ఉంటే అది చల్లబడి బిగుసుకున్నదే అయి ఉంటుంది. నీళ్లు పోస్తే ప్రయోజనం లేదు. అరచేతుల మధ్య పెట్టి కాసేపు నలిపితే ఒంటివేడికి మెత్తబడుతుంది.

రెండో రకం గోధుమపిండి మట్టి. దీని పుట్టుక ఇంకా విచిత్రం. అమెరికాలోని సిన్సినాటిలో కుటోల్ అనే సంస్థ గోడకాగితాల మీది మసిని తుడిచే పిండిముద్దను అమ్మేది. ఇళ్లను బొగ్గుతో వెచ్చబరుచుకునే రోజులవి. కాగితాన్ని నీళ్లతో కడగలేరు కాబట్టి ముద్దతో అద్ది మసి తీసేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గ్యాసు, నూనె పొయ్యిలు వచ్చాయి. కడగగలిగే వినైల్ గోడకాగితమూ వచ్చింది. ముద్ద కొనేవాళ్లు తగ్గిపోయారు. సంస్థ యజమానుల్లో ఒకరైన జో మెక్‌వికర్‌కు వదిన వరసయ్యే కే జుఫాల్ చిన్నపిల్లల బడిలో టీచరు. ఆ ముద్దను పిల్లల చేతికిచ్చి క్రిస్మస్ అలంకారాలు చేయించింది ఆమే. ముద్దలోంచి శుభ్రపరిచే పదార్థం తీసేసి, పరిమళం కలిపి 1956లో ప్లే-డో పేరుతో అమ్మారు. గిరాకీ పోయిన ఒక వస్తువుకు కొత్త పని చూపించింది ఒక టీచరమ్మ అన్నది నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. పిండి, నీరు, ఉప్పు కలిసిన ఈ మట్టి గట్టిపడితే చపాతీపిండికి చేసినట్టే చేయాలి. తడిచేత్తో పిసికి, తడిబట్ట చుట్టి, గట్టిమూత డబ్బాలో రాత్రంతా ఉంచి, పొద్దున మళ్లీ పిసకాలి. నీళ్లు ఒక్కసారిగా పోస్తే పైన జావ, లోపల రాయి మిగులుతాయి. లోపలిదాకా రాయి అయిపోయినదాన్ని మెత్తబరచాలని చూడకండి. దానికి రంగులేసి బొమ్మగా ఉంచేయడమే మేలు.

క్రేయాన్లు ఎండవు, విరుగుతాయి. న్యూయార్క్‌లో ఎడ్విన్ బిన్నీ, హెరాల్డ్ స్మిత్‌ల సంస్థ 1903లో ఎనిమిది రంగుల పెట్టెను 5 సెంట్లకు అమ్మడంతో మైనపు క్రేయాన్ బడిపిల్లల వస్తువైంది. పారఫిన్ మైనం నీళ్లు మరిగే వేడికన్నా చాలా తక్కువలోనే కరుగుతుంది. ముక్కలను గోరువెచ్చని నీళ్లలో నానబెడితే కాగితం ఊడివస్తుంది. తుడిచి, దగ్గరి రంగులను జతచేసి, పాత డబ్బాలో వేసి, ఆ డబ్బాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాలి. మైనం అంటుకునే పదార్థం, కాబట్టి నేరుగా మంట మీద పెట్టకూడదు. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. కరిగినదాన్ని సిలికాన్ అచ్చుల్లో పోస్తే పసిపిల్లల గుప్పిటకు సరిపోయే లావుపాటి క్రేయాన్లు వస్తాయి. అన్ని రంగులూ కలిపేస్తే బురదరంగే మిగులుతుంది. అసలు కరిగించకుండానే విరిగిన ముక్కతో కాగితం మీద ముగ్గులా గీసి, పైన నీటిరంగు పూయించి చూడండి. మైనం ఉన్నచోట రంగు అంటదు. కోరమాండల్ తీరంలో కలంకారీ బట్టలకు నీలిమందు అద్దకం చేసేటప్పుడు నీలం అంటకూడనిచోట మైనం పూసింది ఈ కిటుకుతోనే. మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కిన బట్టల వెనక ఉన్న పనితనాన్ని విరిగిన క్రేయాన్‌తో చూపించవచ్చు.

ఇక మిగిలింది స్కెచ్ పెన్. టోక్యోలో యుకియో హోరియె 1960ల మొదట్లో సన్నని పీచుమొన కలాన్ని తెచ్చాడు. పీచుల మధ్య సందుల గుండా సిరా తనంతట తానే పాకివస్తుంది. పిల్లల స్కెచ్ పెన్నుల్లో ఉండేది నీళ్లలో కరిగే రంగు. మూత పెట్టడం మరిచిపోతే నీరు ఆవిరవుతుంది, రంగు మాత్రం లోపలే ఉంటుంది. మొనను గోరువెచ్చని నీళ్లలో ముంచి, తుడిచి, మూతపెట్టి కాసేపు ఉంచితే చాలా పెన్నులు లేస్తాయి. లేవనివాటిని రంగులవారీగా వేరుచేసి, అడుగున రెండు చెంచాల నీళ్లున్న చిన్న సీసాల్లో తలకిందులుగా రాత్రంతా నిలబెట్టండి. తెల్లారేసరికి సీసాలో కుంచెతో వేసుకోగల రంగునీళ్లు ఉంటాయి. పర్మనెంట్ మార్కర్లకు ఈ ఉపాయం పనిచేయదు. వాటి రంగు ఆల్కహాలు వంటి ద్రావకాల్లో కరిగేది.

నల్ల స్కెచ్ పెన్నును విడిగా ఉంచండి. వడపోత కాగితం ముక్క మీద దానితో చుక్కపెట్టి, అంచును నీళ్లకు తాకిస్తే నీరు పైకి పాకుతూ నలుపును నీలం, గులాబీ, పసుపు చారలుగా విడదీస్తుంది. రష్యా వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ 1900ల తొలి ఏళ్లలో ఆకుల్లోని రంగులను విడదీసింది ఈ సూత్రంతోనే. కాగితానికి బదులు ఆయన గాజుగొట్టంలో సుద్దపొడి కూరాడు. ఇవాళ మందుల పరిశ్రమలో, నేరపరిశోధక ప్రయోగశాలల్లో వాడే క్రొమటోగ్రఫీకి అదే ఆరంభం. మూలనపడ్డ పెన్నుతో ఏడెనిమిదేళ్ల పిల్లలు సైతం ఆ పరీక్ష చేసి చూడగలరు.

ఒక జాగ్రత్త చెప్పాలి. చేర్యాల పటంలోని రాతిరంగులు, మట్టిరంగులు తరాలపాటు నిలుస్తాయి. స్కెచ్ పెన్నుల్లో వాడే అద్దకపు రంగులు వెలుగుకు ఓర్చుకోలేవు. ఆ రంగునీళ్లతో పిల్లలు వేసిన బొమ్మను ఎండపడే గోడకు తగిలిస్తే కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది. ముందు గులాబీ, ఊదా పోతాయి. దాచుకోదగ్గ బొమ్మ అనిపిస్తే తేదీ వేసి, పుస్తకం పేజీల మధ్యనో, మూత ఉన్న అట్టపెట్టెలోనో పెట్టండి. గోడకు తగిలించాలని పిల్లలు పట్టుబడితే మాత్రం రంగుబిళ్లలతో వేయించండి.