వేలూరు గుర్రాలకు గడ్డి తెచ్చినవారు



వేలూరు కోట అనగానే మనకు 1806 జూలై 10వ తేదీ గుర్తుకొస్తుంది. తెల్లవారక ముందే సిపాయిలు తిరగబడి కోటను పట్టుకోవడం, కబురు అందుకున్న కర్నల్ గిల్లెస్పీ ఆర్కాటు నుంచి అశ్వదళంతో వచ్చిపడడం, ఆ పూటకే అంతా ముగిసిపోవడం పిల్లల పాఠాలలో ఉన్నదే. ఈ రోజు నేను చెప్పదలచింది సిపాయిల సంగతి కాదు, గిల్లెస్పీ సంగతీ కాదు. ఆ ఉదయం దౌడు తీసిన గుర్రాలు అంతకుముందు ఏం తిని ఉంటాయి, దేని మీద పడుకుని ఉంటాయి అన్న సంగతి. నవ్వకండి. ఆర్కాటు నుంచి వేలూరుకు 16 మైళ్ళు, అంటే సుమారు 25 కిలోమీటర్లు. కడుపు నొప్పితో పొర్లే గుర్రం, రొప్పుతూ నిలబడలేని గుర్రం ఆ దూరం పరుగెత్తలేదు.

గుర్రం చూడడానికి ఎంత బలమైనదో, కడుపు విషయంలో అంత సుకుమారి. తిన్నది పడకపోతే కుక్కలా, పిల్లిలా కక్కుకోలేదు. దాని శరీర నిర్మాణమే అటువంటిది. లోపలికి పోయిన చెడ్డ మేత చివరిదాకా పోవలసిందే. అందుకే గుర్రపుశాలలో మొదటి కాపలా మేతకు ఉండాలి.

మన దక్షిణ దేశం గుర్రాలకు పుట్టిల్లు కాదు. అవి అరబ్బు దేశాల నుంచి ఓడల మీద దిగేవి. 13వ శతాబ్దం చివర తూర్పు తీరానికి వచ్చిన మార్కో పోలో, ఇక్కడ గుర్రాలకు అన్నమూ మాంసమూ ఉడికించి పెడతారనీ, వాటిని చూసుకోవడం తెలియక చంపుకొని ఏటేటా మళ్ళీ కొంటారనీ రాశాడు. పరాయివాడి మాటలో కొంత అతిశయోక్తి ఉన్నా, గుర్రాలు చచ్చేవన్నది నిజమే. విజయనగరం రాయలు ఏడాదికి 13,000 గుర్రాలు కొనేవాడని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాశాడు. మంచివి తన శాలకు ఉంచుకుని, తక్కినవి నాయకులకు పంచేవాడట. వేలూరు ఆ విజయనగరపు చివరి రాజధానులలో ఒకటి. వెంకటపతి రాయలు 1614లో కన్నుమూసింది ఇక్కడే. కోటలోని జలకంఠేశ్వరాలయ కల్యాణమండపం స్తంభాల మీద ముందుకాళ్ళు పైకెత్తిన గుర్రాలను మీలో చాలామంది చూసే ఉంటారు. శిల్పి గుర్రాన్ని చెక్కాడు, రౌతును చెక్కాడు. గడ్డిమోపును మాత్రం చెక్కలేదు.

క్రమంగా మనవాళ్ళు నేర్చుకున్న మేత ఉలవలు. తమిళంలో కొళ్ళు అంటాం. ఇంగ్లీషువాళ్ళు ఉత్తరాదిన గ్రామ్ అంటే శెనగలు, మదరాసులో గ్రామ్ అంటే ఉలవలు. ఆ ఉలవలను ఉడికించి, గుగ్గిళ్ళు చేసి గుర్రానికి పెట్టేవారు. పొద్దున ఉడికించినవి మన వేసవిలో సాయంత్రానికి పులిసిపోతాయి. పులిసిన గుగ్గిళ్ళు గుర్రం కడుపులో గాలి పట్టి శూల తెస్తాయి. ఏ పూటకు ఆ పూట ఉడికించడం, తొట్టి అడుగు కడగడం అశ్వదళంలో తుపాకీ తుడవడమంత ముఖ్యమైన పని.

ఇక గడ్డి. ఇది అసలు కథ. గుర్రానికి రోజుకు దాని బరువులో నూటికి రెండు వంతుల దాకా ఎండుమేత కావాలి. 400 కిలోల గుర్రమైతే 8 కిలోలు. అదే పచ్చిగడ్డి అయితే నీటి బరువు కలిసి 25 కిలోలు దాటుతుంది. అంటే గుర్రానికొక పెద్ద మోపు, ప్రతి రోజూ. 500 గుర్రాలుంటే 500 మోపులు! జూలై నెలలో పాలారు ఎండిపోయి ఇసుక మెరుస్తూ ఉంటే ఆ కసువు ఎక్కడ దొరుకుతుంది? చెరువు గట్ల మీద, పొలం గట్ల మీద. గరికను వేళ్ళతో సహా దోకి తెచ్చేవారు.

ఈ పని ఎవరిది? 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు ఒక ముక్క చెబుతుంది. ప్రతి గుర్రానికీ సాయీసుతో పాటు గడ్డి తెచ్చే మనిషి ఒకరు ఉంటారు. ఉత్తరాదిన ఆ పని మగవాడిది, దక్షిణాదిన సాయీసు భార్యది. ఆ మాటను బట్టి ఆర్కాటు శాలలలోనూ మోపులు మోసింది ఆడవాళ్ళే అనుకోవాలి. తిరుగుబాటును తలచుకుని గర్వపడే మన మనసుకు ఇది కొంచెం చేదుగా తగులుతుంది. సిపాయిల మీదికి దూసుకొచ్చిన గుర్రాలను మేపింది మన తల్లులే. వాళ్ళకు అది కూలి. గిల్లెస్పీ పేరు నిలిచింది, వాళ్ళలో ఒక్కరి పేరూ మనకు రాలేదు.

దోకి తెచ్చిన గడ్డిలో మట్టి, ఇసుక ఉంటాయి. మోపును బండకేసి కొట్టి, నీళ్ళలో జాడించి, నీడన ఆరవేయాలి. బద్ధకించి అలాగే వేస్తే ఇసుక పేగులలో రోజురోజుకూ పేరుకుని గుర్రాన్ని చంపుతుంది. ఇంకొక అపాయం కంటికి కనిపించదు. దొమ్మ రోగంతో చచ్చిన పశువును పూడ్చిన చోట ఆ క్రిములు మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. అక్కడి గడ్డిని వేళ్ళతో పెకలిస్తే రోగాన్ని మోపుకట్టి తెచ్చినట్టే. దొమ్మకు కారణమైన క్రిమి జీవితాన్ని రాబర్ట్ కాక్ వివరించింది 1876లో. అంతకు ముందు గుర్రం ఎందుకు చచ్చిందో తెలియక గాలినీ నీటినీ నిందించేవారు.

పడకకు మన ప్రాంతంలో చౌకైనది వరిగడ్డి. అయితే మనకు ఈశాన్య ఋతుపవనం కార్తీకంలో దంచుతుంది. తడిసిన గడ్డిని వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. దులిపితే పొగలా లేచేది దుమ్ము ఒక్కటే కాదు, బూజు బీజాలు కూడా. మూసిన శాలలో రాత్రంతా దాన్ని పీల్చిన గుర్రానికి దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. మనుషుల ఉబ్బసం వంటిదే అది. పైగా గుర్రం పడకను కూడా నమిలి తింటుంది. కనుక మేతకు పనికిరాని గడ్డి పడకకూ పనికిరాదు. మూత్రం నానిన గడ్డిని, లద్దెను రోజూ తీయకపోతే ఘాటైన అమ్మోనియా వాయువు లేస్తుంది. మనిషి నిలబడిన ఎత్తులో అది అంతగా తెలియకపోవచ్చు. పడుకున్న గుర్రం ముక్కు నేల దగ్గర ఉంటుంది. శాల శుభ్రంగా ఉందో లేదో తెలియాలంటే వంగి వాసన చూడాలి.

గుడియాత్తంలో రైల్వే స్టేషను ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరం. ఆటోలు రాక ముందు ఆ దూరమంతా జట్కాలదే. జట్కావాడి ఇంట్లో గుర్రానికి వేరే శాల ఏముంటుంది? ఇంటి పంచనే కట్టు. అయినా చాలామంది రాత్రి గడ్డి వేసే ముందు చేత్తో పట్టి దులిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవారు. ఆ పూట గుర్రం పడుకుంటే మరునాడు పొయ్యి వెలగదు మరి.

జట్కాలు పోయినా, పెళ్ళి ఊరేగింపుల కోసం గుర్రాలను పెంచేవారు ఇటు వేలూరులోనూ అటు చిత్తూరులోనూ ఉన్నారు. వారికి రెండు మాటలు. మన మెట్టపొలాల శెనక్కాయ కట్టె మంచి మేతే, తడవకుండా ఉంటేనే. శెనక్కాయకు పట్టే బూజులో విషం ఉంటుందని 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చాక లోకానికి తెలిసింది. వాటికి పెట్టినది బ్రెజిల్ నుంచి వచ్చిన శెనక్కాయ చెక్క. కాబట్టి నల్లబడిన కట్టె, ముక్కిన చెక్క ఎంత చౌకగా వచ్చినా వద్దు. ఎండుగడ్డి బాగున్నా దుమ్ము లేస్తుంటే అరగంట నీళ్ళలో నానబెట్టి, వడిసిన వెంటనే పెట్టండి. నానిన గడ్డిని మరుసటి పూటకు దాచవద్దు, అది మన ఎండకు సాయంత్రానికే పులుస్తుంది.