సమతాస్థితి వ్యవస్థ, స్థల జ్ఞాపకం

లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార కుల్యలు తలను తిప్పడాన్ని, యుట్రిక్యులస్, శాక్యులస్ అనే సంచులు గురుత్వాన్ని, సరళ చలనాన్ని పసిగడతాయి. మనిషి తూలిపోకుండా చూడటంతోనే వీటి పని ముగియదు. చోటును, దారిని గుర్తుంచుకోవడానికీ ఇవి తోడ్పడతాయి. ఉన్న చోటును బట్టి స్పందించే కణాలను మెదడులోని హిప్పోక్యాంపస్‌లో జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకల్లో గుర్తించాడు. ఆ కృషికి 2014 నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నాడు. లోపలి చెవిలోని ఈ అవయవాల నుంచి వచ్చే సంకేతాలను ఎలుకల్లో ఆపేస్తే ఆ కణాల స్పందన చెదిరిపోతుంది.

ఈ సంబంధానికి మనుషుల్లో బలమైన ఆధారం 2005లో థామస్ బ్రాంట్ బృందం ప్రచురించిన అధ్యయనం. రెండు చెవుల సమతాస్థితి నాడులూ పనిచేయని 10 మందిలో హిప్పోక్యాంపస్ పరిమాణం సుమారు 17 శాతం తక్కువగా ఉంది. దారి నేర్చుకోవడంలోనూ వారు వెనకబడ్డారు. నడకలో తడబాటే ఇందుకు కారణమనే ఆక్షేపణ నిలవదు. పరీక్ష జరిగింది కంప్యూటర్ తెర మీద. మొత్తం జ్ఞాపకశక్తే క్షీణించిందనడానికీ వీల్లేదు. సాధారణ జ్ఞాపక పరీక్షల్లో లోపం కనబడలేదు. వినికిడి లోపం ప్రభావం ఉండవచ్చన్న సందేహం మాత్రం న్యాయమైనదే. దానికి సమతాస్థితి సంకేతాలను ఆపిన జంతు ప్రయోగాలే కొంతమేరకు సమాధానం. ఒక చెవి మాత్రమే దెబ్బతిన్నవారిలో ఇంతటి మార్పు కనిపించలేదు. కాబట్టి తల తిరుగుడు ఉన్నవారందరికీ మతిమరుపు వస్తుందనుకోవడం సరికాదు.