పత్తి ధర ముందుగా ఎవరికి తెలిసింది?

సమాచార సాంకేతిక విప్లవం అనగానే మనకు హైదరాబాదూ, బెంగుళూరూ గుర్తుకు వస్తాయి. పశ్చిమ కర్నూలుకు ఆ విప్లవం నూటయాభై ఏళ్ళ క్రితమే వచ్చిందని నేనంటాను.

1870లో సముద్రగర్భ తంతితీగ బొంబాయిని ఇంగ్లండుతో కలిపింది. మరుసటి ఏడే మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం రాయచూరు వద్ద బొంబాయి మార్గాన్ని కలుసుకుంది. అప్పటి బళ్ళారి జిల్లాలోని ఆదోని ఆ దారిమీదే ఉంది. ఒకప్పుడు ఓడ టపాలో వారాలకు గానీ చేరని లివర్‌పూల్ పత్తి ధర ఇక గంటల్లో బొంబాయి చేరసాగింది. అయితే తంతికి రుసుము చెల్లించగలిగినవాడు వ్యాపారే. బండి కట్టుకొని వచ్చిన రైతుకు వ్యాపారి చెప్పినదే ధర.

2016లో కేంద్రప్రభుత్వం ఈ-నామ్ ప్రారంభించింది. ఆదోని మార్కెట్ యార్డు అందులో చేరింది. వ్యాపారులు కంప్యూటరులో ధర కోట్ చేస్తారు. రైతు దానిని తన ఫోనులోనే చూసుకోవచ్చు. కానీ అప్పు గడువు ముంచుకొచ్చి, సరుకు నిలవ చేసుకునే చోటు లేనివాడు మంచి ధర కోసం ఎన్నాళ్ళు ఆగగలడు?

పొరుగున ఉన్న ఎమ్మిగనూరు ఈ చిక్కుకు ముందే ఒక దారి చూపింది. 1938లో మాచాని సోమప్ప గారి నాయకత్వంలో అక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. నూలు సమకూర్చడమూ, బట్ట అమ్మడమూ సంఘమే చేపట్టింది. కంప్యూటరు ఊసే లేని కాలమది.

ధర తెలియడం ఒకటి, బేరమాడే బలం ఉండడం మరొకటి. మొదటిది తీగల మీద వస్తుంది. రెండవది నలుగురూ కూడితేనే వస్తుందని ఈ రెండు ఊళ్ళ చరిత్ర నాకు చెబుతోంది.