సోమి బెరడు జ్వరహరమేనా? కంపెనీ కాలపు ఒక మందుపై పునఃపరిశీలన

సామర్లకోట, పెద్దాపురాలకు ఉత్తరాన ఉన్న కొండల్లో పెరిగే సోమి చెట్టును యూరప్ వైద్యులకు పరిచయం చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఉంటూ సర్కారు జిల్లాల మొక్కలను స్థానిక చిత్రకారులచేత గీయించాడు. 1795లో వెలువడడం మొదలైన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథంలో ఈ చెట్టును జ్వరహారిణి అనే అర్థంలో స్వీటీనియా ఫెబ్రిఫ్యూగాగా నమోదు చేశాడు. 1830లో వృక్షశాస్త్రవేత్త జూస్యూ దీన్ని సోయ్‌మిడా ప్రజాతిగా విడదీశాడు. జ్వరహర కీర్తి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కీర్తికి వైద్యపరమైన ఆధారం ఎంత?

అప్పట్లో చలిజ్వరానికి నమ్మదగ్గ మందు సింకోనా బెరడు. అది స్పెయిన్ ఏలుబడిలోని ఆండీస్ కొండల నుంచి రావాలి. ఖరీదెక్కువ, పైగా కల్తీ. మన్యం అంచుల్లో పటాలాలను నిలపాల్సిన కంపెనీకి చేరువలో దొరికే బదులు మందు కావాలి. చేదూ వగరూ ఉన్న బెరడు కనిపిస్తే సింకోనాతో పోల్చి చూడడం ఆనాటి వాడుక. 1763లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ విల్లో బెరడుపై ఆశ పెట్టుకున్నదీ ఆ చేదును చూసే. సోమిలో ఆ రెండు రుచులకూ కొదవ లేదు. ముదురు చెట్టు బెరడు పైకి గరుకుగా, పగుళ్లుబారి ఉంటుంది. ఒలిస్తే లోపలంతా నార, గోధుమ ఛాయ కలిసిన ఎరుపు. కషాయమూ ఎర్రగానే దిగుతుంది.

1794లోనే ఎడింబరోలో ఆండ్రూ డంకన్ తన వైద్యపట్టా వ్యాసానికి ఈ బెరడునే ఎంచుకున్నాడు. 1826 నాటికి మద్రాసు వైద్యుడు వైట్‌లా ఐన్‌స్లీ మాత్రం హెచ్చరిక జోడించాడు: రోజుకు నాలుగైదు డ్రాములు, అంటే సుమారు 16–19 గ్రాములు మించితే తల తిరిగి మత్తు కమ్ముతుంది. నా దృష్టిలో పొగడ్తలన్నిటికంటే విలువైన వాక్యం ఇదే, ఎందుకంటే ఇది మంచం పక్కన నిలబడి చూసినవాడి మాట.

పొగడ్తలతో చిక్కు వేరు. రోజు విడిచి రోజు వచ్చే జ్వరం ఒక్కోసారి మందు లేకుండానే కొన్నాళ్లు తగ్గుతుంది. లావెరాన్ 1880లో మలేరియా పరాన్నజీవిని చూసేదాకా ఏ జ్వరం ఏదో తేల్చే దారే లేదు. సింకోనా నుంచి 1820లో వేరుచేసిన క్వినైన్ సోమిలో లేదు. ఇందులో ఉన్నవి టానిన్లు, లిమోనాయిడ్లు. విరేచనాలకు, నోటిపూతకు ఇచ్చే వాడుకకు టానిన్ల వగరు సరిపోతుంది. మలేరియా నయమవుతుందనడానికి అది చాలదు. 1860 తర్వాత నీలగిరిలో సింకోనా తోటలు రావడంతో సోమి అవసరమూ తగ్గింది.

కాబట్టి సోమి బెరడును వగరు మందుగా, చేదు టానిక్కుగా గుర్తించాలే తప్ప క్వినైన్‌కు సాటి అనకూడదు. దీనిపై ఇకముందు పనిచేసేవారు అన్ని జ్వరాలనూ ఒకే పద్దులో వేయకుండా, రక్తపరీక్షలో మలేరియా తేలిన రోగుల ఫలితాలను విడిగా చూపాలి. నమూనాల కోసం కాండం చుట్టూ బెరడు ఒలవవద్దు; అలా ఒలిచిన చెట్టు బతకదు.