విలంబితము వినుట నేర్చితిమి

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయినది. ఎడమ కాలువ నీటిని నమ్ముకొని మనవారు కోస్తా జిల్లాలు విడిచి సింధనూరు, మాన్వి ప్రాంతాల క్యాంపులకు చేరినారు. వెంట తెచ్చుకొన్న సంగీతము త్యాగరాజ కీర్తనలు, నాటక పద్యాలు.

ఈ జిల్లావాడే సిద్ధరామ జంబలదిన్ని. ఆయన పాడిన హిందుస్థానీ ఖయాలు మొదట విని, ఒక్క మాటను ఇంతసేపు సాగదీయుటేమని విసుగుకొన్నాము.

దారి చూపినవి దాసర పదాలు. మాన్వి జగన్నాథదాసుల (1728–1809) కన్నడ పదాలు హిందుస్థానీ బాణీలలో వినగా వినగా చెవి మెత్తబడినది. భూప్ మన మోహనమునకు, మాల్‌కౌన్స్ మన హిందోళమునకు తోబుట్టువులని తెలిసినది. ఏకతాళము పన్నెండు మాత్రలను వ్రేళ్ళపై లెక్కించుచు, గాయకుడు తిరిగి ‘సమ్’ మీద వాలే క్షణమునకై కాచుకొన్నాము. ఓపిక కావలె. నల్లరేగడి దున్నిన ఇండ్లకు ఓపిక క్రొత్తది కాదు గదా!

ఈ యుగాదినాడు మన పిల్లలకు త్యాగయ్యతోబాటు జంబలదిన్నినీ వినిపింతము. పాట తెలిసిననాడే ఊరు మనదగును.