చర్మ క్యాన్సర్ గుర్తింపులో దూరవైద్యం: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

చర్మవ్యాధి కంటికి కనిపించేది. అందువల్ల వైద్యుడు ఎదుట లేకపోయినా చిత్రాన్ని చూసి రోగాన్ని గుర్తించవచ్చన్న ఆలోచన వైద్యశాస్త్రంలో ఈ శాఖలో సహజంగానే బలపడింది. 1995లో పెరెడ్నియా, బ్రౌన్ ప్రచురించిన వ్యాసంతో ‘టెలీడెర్మటాలజీ’ అన్న పేరు స్థిరపడింది. చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన మెలనోమాను తొలిదశలో కోసి తీసివేస్తే చాలామంది రోగులు బతుకుతారు. అది లోతుకు పాకేకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. కాబట్టి ఇక్కడ దూరం ఎంత సమస్యో, ఆలస్యం అంతకుమించిన సమస్య. ఈ గుర్తింపు దూరవైద్యం రూపాన్ని ఎలా మార్చిందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. పూర్వరంగం

మచ్చను చూసే పద్ధతికి ముందుగా నియమాలు ఏర్పడ్డాయి. గ్లాస్గోలో రోనా మెకీ 1971లో శస్త్రచికిత్సకు ముందే మచ్చలను సూక్ష్మదర్శినితో పరీక్షించే పద్ధతిని వివరించారు. ఇది నేటి డెర్మటోస్కోపీకి దారితీసింది. 1985లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు ‘ఏబీసీడీ’ సూత్రాన్ని ప్రతిపాదించారు. సౌష్ఠవం లోపించడం, అంచులు క్రమం తప్పడం, రంగులు కలగలవడం, వ్యాసం 6 మిల్లీమీటర్లు దాటడం ఇందులోని లక్షణాలు. 2004లో ‘మార్పు’ను సూచించే ‘ఈ’ చేరింది. మొదటి నాలుగూ చిత్రంలో కనిపిస్తాయి. అయిదవది ఒక్క చిత్రంలో కనిపించదు. దాన్ని రోగినే అడిగి తెలుసుకోవాలి.

3. ప్రత్యక్ష ప్రసారం నుంచి నిల్వచిత్రానికి

ఉత్తర ఐర్లండ్‌లో 204 మంది రోగులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2000లో వెలువడ్డాయి. వీడియో ద్వారా నిపుణులు జరిపిన పరీక్ష వైద్యపరంగా సాధ్యమేనని తేలింది గాని, ఖర్చు దృష్ట్యా అది లాభదాయకం కాలేదు. రోగి, స్థానిక వైద్యుడు, నిపుణుడు ముగ్గురూ ఒకే సమయంలో అందుబాటులో ఉండటం దీనికి తప్పనిసరి. చిత్రాన్ని తీసి పంపితే నిపుణుడు వీలున్నప్పుడు చూసే పద్ధతి ఈ ఇబ్బందిని తొలగించింది.

స్పెయిన్‌లోని సెవిల్ వైద్యులు 2007లో 2,009 సంప్రదింపులను విశ్లేషించారు. వారిలో 51.2 శాతం మందికి ఆసుపత్రికి వెళ్లవలసిన అవసరం రాలేదు. వెళ్లవలసినవారు నిరీక్షించిన కాలం ఉత్తరం ద్వారా పంపే పద్ధతిలో సగటున 88.62 రోజులు కాగా, చిత్రం పంపే పద్ధతిలో 12.31 రోజులు. దూరవైద్యం ఇక్కడ తుది నిర్ధారణ చేయలేదు. ఎవరిని ముందుగా చూడాలో తేల్చింది. దాని చారిత్రక ప్రాధాన్యం ఈ వడపోతలోనే ఉంది.

4. పరిమితులు

అమెరికాలో మాజీ సైనికులపై 2009లో ప్రచురితమైన అధ్యయనం ఒక హెచ్చరిక చేసింది. చిత్రం మీదే ఆధారపడి ఉంటే 36 మెలనోమాల్లో 7 వరకు సరైన చికిత్సకు నోచుకునేవి కావు. అంతేకాక, నిపుణుడు చూసేది పంపిన మచ్చనే. వీపు మీద రోగి గమనించని మరో మచ్చ ఆ చిత్రంలోకి రాదు. తెలుగువారితో సహా ముదురు చర్మఛాయ గలవారిలో మెలనోమా అరుదు. అయితే వచ్చినప్పుడు అది తరచుగా అరికాళ్లలో, గోళ్ల కింద కనిపిస్తుంది. భారత ప్రభుత్వం 2020 మార్చిలో దూరవైద్య మార్గదర్శకాలను విడుదల చేసిన తరువాత ఈ పరిమితి ఇక్కడి వైద్యులకూ వర్తించే అంశమైంది.

5. ముగింపు

2018లో కాక్రేన్ సంస్థ 22 అధ్యయనాలను సమీక్షించి, ప్రమాదకరమైన మచ్చల్లో అధికభాగాన్ని దూరవైద్యం గుర్తించగలదని, అయితే ఆధారాలు పరిమితమని పేర్కొంది. అనుమానం ఏమాత్రం మిగిలినా రోగిని నేరుగా చూడటం, బయాప్సీ చేయడం అవసరమని ఈ చరిత్ర సూచిస్తోంది. చిత్రం నిరీక్షణను తగ్గించింది. ఒళ్లంతా పరీక్షించే బాధ్యతను మాత్రం తొలగించలేదు.