శంకావిషము - ఆహారము - ఆశ్వాసము



దేహమునకు వచ్చు వ్యాధి యొకటి. వ్యాధి వచ్చినదేమో యను భయము వేరొకటి. గుండె కొంచెము వేగముగా కొట్టుకొన్నచో హృద్రోగమనియు, తల తిరిగినచో పక్షవాతమనియు తలంచి, పరీక్షలన్నియు సక్రమముగా నున్నవని వైద్యుడు చెప్పినను నమ్మక, రాత్రులందు నిద్ర లేక కుములువారు మన కుటుంబములలో ఎందరో కలరు. వీరిలో కొందరు ఏది తిన్నను హాని యని అన్నము తగ్గించుకొనుచున్నారు. మరికొందరు బలమునకని మాత్రలను గుప్పెటతో మ్రింగుచున్నారు. ఆహారముచేతను మాత్రలచేతను ఈ భయము తీరునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీని పూర్వచరిత్రను కొంత పరిశీలింతము.

అగ్నివేశుడు రచింపగా చరకుడు సంస్కరించి, దృఢబలుడు పూరించిన గ్రంథము చరకసంహిత. అందు చికిత్సాస్థానమున 23వ అధ్యాయము విషచికిత్సను బోధించును. ఆ అధ్యాయములో ఒక రోగి ప్రసక్తి వచ్చును. కటికచీకటిలో అతనికేదియో గుచ్చుకొన్నది. ముల్లో, పురుగో, పామో తెలియదు. విషజంతువే కఱచినదని అతడు భయపడును. ఆ భయము చేతనే జ్వరము, వాంతి, మూర్ఛ, ఒడలిమంట, నీరసము, అతిసారము సైతము కలుగవచ్చునని సంహిత చెప్పుచున్నది. దీనికి శంకావిషమని పేరు. సుశ్రుతుడును కల్పస్థానమున ఇట్టిదే మరియొకటి చెప్పెను. పాము కఱవక కేవలము తాకినను, పిరికివానికి భయముచే వాతము ప్రకోపించి వాపు పుట్టవచ్చునట. దానిని సర్పాంగాభిహతమనిరి.

ఆ రోగిని "నీకేమియు లేదు, పొమ్ము" అని ఆచార్యులు పంపివేయలేదు. బాధ నిజమేయని అంగీకరించిరి. కారణము మాత్రము వేరని గుర్తించిరి. చక్కెర, ద్రాక్ష, అతిమధురము, తేనె మున్నగువానితో పానము నీయవలెననిరి. మంత్రపూతజలముతో ప్రోక్షణము చేయుమనిరి. మంచిమాటలతో ఓదార్చి, మనస్సునకు సంతోషము కలిగింపుమనిరి. పానద్రవ్యములలో పెక్కు మధురములు. వాంతి చేతను అతిసారము చేతను డస్సిన దేహమునకు అవి బలము నిచ్చును. అయినను పానముతోనే చికిత్స ముగియలేదు. ఆహారము దేహమును నిలుపగా, ఆశ్వాసము మనస్సును నిలుపవలెనని దీని తాత్పర్యముగా మేము గ్రహించుచున్నాము.

అన్నమునకును మనస్సునకును గల సంబంధము మన పెద్దలకు వేదకాలము నుండియు తెలిసినదే. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతుని 15 దినములు భోజనము మాని జలము మాత్రము త్రాగుమనెను. పదునారవనాడు వేదము చెప్పుమనగా అతనికేమియు స్ఫురింపలేదు. అన్నము తినిన పిమ్మట సర్వము జ్ఞప్తికి వచ్చెను. అన్నములోని సూక్ష్మాంశమే మనస్సగునని తండ్రి యట్లు నిరూపించెను. కావున భయముచే అన్నము మానువారు, ఆ భయము నెదిరింపవలసిన మనస్సునే బలహీనము చేసికొనుచున్నారు.

దీనికి రెండవ ముఖము కూడ కలదు. చింత, శోకము, భయము, క్రోధము ఆవరించిన వానికి పథ్యమైన ఆహారము మితముగా తినినను జీర్ణము కాదని చరకసంహిత విమానస్థానము రెండవ అధ్యాయము చెప్పుచున్నది. అనగా అన్నము మనస్సును పోషించును. చెడిన మనస్సు అన్నమును చెఱచును. అందుచేతనే మనస్సును అహితవిషయముల నుండి మరలించుటను సత్త్వావజయమను పేర ప్రత్యేకమైన చికిత్సగా సూత్రస్థానమున చెప్పిరి.

ఇక ఆధునికయుగమునకు వత్తము. 1912లో కాసిమిర్ ఫంక్ అను శాస్త్రజ్ఞుడు విటమిన్ అను భావమునకు ఆ పేరు పెట్టెను. పెల్లాగ్రా అను వ్యాధిలో చర్మము చెడుటయే గాక మనస్సు కూడ కలత చెందును. అది అంటువ్యాధి యని పెక్కుమంది నమ్ముచుండగా, ఆహారలోపమే కారణమని అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించెను. నియాసిన్ అను విటమిన్ దానికి మందని 1937లో తేలెను. జొన్నయే ప్రధానాహారమైన మన దక్కను ప్రాంతపు బీదలలోను ఈ వ్యాధి యుండెను. 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందిన పరిశోధనాలయమున గోపాలన్ గారు దీనిపై కృషి చేసిరి.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిరువురు స్ప్రూ అను అతిసారవ్యాధికి బలియైరి. ఆయనయు ఆ వ్యాధికే లోనై, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొనిరి. తరువాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధక బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయగా, అది ఆ వ్యాధికే ఔషధమాయెను. ఏ లోపమునకు ఏ ద్రవ్యము కావలెనో తెలిసి యిచ్చినపుడు మాత్ర అమృతతుల్యమగునని దీనివలన తెలియుచున్నది.

లోపమేదో తెలియక భయముచే మ్రింగునపుడు కథ వేరగును. ఎ, డి విటమినులు దేహములో నిలువయుండి మితిమీరిన హాని చేయును. బి6 విటమిన్ పెద్ద మోతాదులో చిరకాలము వాడినచో నరములు దెబ్బతిని కాళ్లు చేతులు తిమ్మిరెక్కును. ఆ తిమ్మిరిని చూచి రోగి మరల క్రొత్త వ్యాధిని శంకించును! మూలికయే కదా యని నిర్లక్ష్యము తగదు. అశ్వగంధ వాడిన కొందరికి కాలేయము చెడినట్లు వైద్యులు ప్రకటించియున్నారు.

కావున చేయవలసినది యిది. ముందు వైద్యుని చూచి రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపము కలవేమో తెలిసికొనవలెను. ఇవియును గుండెదడ, నీరసము, తిమ్మిరి మొదలగువానిని కలిగింపవచ్చును. కేవల శాకాహారులమైన మనకు బి12 లోపము సులభముగా రాగలదు. లోపమున్న వైద్యుడు చెప్పినంత మాత్రమే వాడవలెను. కాఫీ మితిమీరిన గుండెదడ పెరుగును గనుక దానిని తగ్గింపవలెను. వేళకు భుజింపవలెను. మధుమేహము మున్నగు వ్యాధులకు మందులు వాడువారు వైద్యుని అడుగక ఉపవాసములు చేయరాదు.

ఇంతచేసినను భయము వీడనిచో, అది అన్నముతో తీరునది కాదని యెఱిగి మనోవైద్యుని ఆశ్రయింపవలెను. సంభాషణరూపమైన చికిత్స ఈ భయమును తగ్గించునని నేటి వైద్యశాస్త్రమును అంగీకరించినది. అట్లు వెళ్లుట అవమానము కాదు. సత్త్వావజయమును బోధించిన మన ఆచార్యులకు అది సమ్మతమైన మార్గమే. ఇంటిలో ఇట్టివారున్నచో పరిహసింపకుడు. ప్రక్కన కూర్చుండి, ప్రియముగా మాటలాడుచు అన్నము పెట్టుడు. శంకావిషమునకు మన శాస్త్రము చెప్పిన చికిత్సలో ఆ భాగము గృహస్థుల చేతిలోనే యున్నది.

స్వస్తి.